తర్వాతి భాగం ఏం తీసేసింది?: సివిలైజేషన్ ఆటల మీద ఒక ప్రసంగం

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో, ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయ హాలులో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో కూర్చున్నవారు కాస్త ముందుకు రండి, ఈ బల్ల మీద ఉన్నవి మీకు కనబడాలి. మూడు వస్తువులు తెచ్చాను. మొదటిది మా అమ్మమ్మ వామనగుంటల పీట. రెండోది అట్ట మీద గీసిన పులి–మేక. మూడోది నాలుగు గవ్వలు, అష్టాచెమ్మాకు. కంప్యూటర్ ఆట గురించి అని పిలిచి ఇవన్నీ ఎందుకు తెచ్చారని మీకు అనిపించవచ్చు. 1991 నుంచి సాగుతున్న సివిలైజేషన్ ఆటల్లో పెద్ద తగాదాలు చాలావరకు ఈ మూడింటి మధ్య తగాదాలే. అది చూపించడానికే తెచ్చాను.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. క్రీస్తుపూర్వం 4000లో మీ చేతికి ఒక చిన్న గుంపును అప్పగిస్తారు. ఊరు కట్టాలి, పొలం దున్నాలి, లిపి, చక్రం, ఇనుము ఒక్కొక్కటే సాధించాలి, పొరుగు రాజులతో నెగ్గుకురావాలి. ప్రపంచాన్ని జయించినా గెలిచినట్టే, అంతరిక్షంలోకి నౌకను పంపినా గెలిచినట్టే. అంతా టర్న్‌ల మీద నడుస్తుంది. మీరు ఒక ఎత్తు వేశాక వాళ్లు, వాళ్లు వేశాక మీరు. 1991లో మైక్రోప్రోస్ సంస్థలో సిడ్ మెయర్, బ్రూస్ షెల్లీ మొదటి భాగాన్ని తయారుచేశారు. ఆ తర్వాత 1996, 2001, 2005, 2010, 2016, 2025. మొత్తం ఏడు భాగాలు. మూడో భాగం నుంచి ఫిరాక్సిస్ సంస్థ చేస్తోంది.

ఫిరాక్సిస్‌లో ఒక లెక్క పాటిస్తారు. తర్వాతి భాగంలో మూడో వంతు పాతది అలాగే ఉండాలి, మూడో వంతు మెరుగుపడాలి, మూడో వంతు సరికొత్తగా ఉండాలి. వినడానికి బాగుంది. కానీ నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేవాడిని. ఈ మూడు వంతులు కలిపి చూస్తే పాత ఆట మొత్తం అందులో పట్టలేదని అర్థమవుతుంది. కొత్తదానికి చోటు కావాలంటే పాతది ఏదో బయటికి నడవాలి. ఆ వెళ్లిపోయినదాని గురించి పెట్టె మీద రాయరు, ప్రకటనలో చెప్పరు. ఇన్నేళ్లు ఆడాక నాకు పట్టుబడిన పద్ధతి అదే. తర్వాతి భాగం బాగుందా లేదా అని ఎవరైనా అడిగితే, అది దేన్ని తీసేసిందో ముందు వెతుకుతాను.

గవ్వలతో మొదలుపెడతాను. మొదటి భాగంలో యుద్ధం అంటే ఒక్క విసురు. ట్యాంకు దాడి బలం 10. ఈటెలు పట్టుకున్న పాతకాలపు ఫాలాంక్స్ దళం రక్షణ బలం 2. రెండూ తలపడితే ఒక్కసారి గవ్వలు వేసినట్టు తేల్చేస్తారు. పన్నెండు పాళ్లలో పది ట్యాంకువి, రెండు ఫాలాంక్స్‌వి. అంటే మైదానంలో నిలబడ్డా ఆరింట ఒకసారి ఈటెలే గెలుస్తాయి. ఆ దళం కొండ మీదో కోటగోడ వెనకో ఉంటే దాని పాళ్లు ఇంకా పెరుగుతాయి. మూడు గంటలు కష్టపడి పారిశ్రామిక యుగం దాటి ట్యాంకు తయారుచేసి పంపితే, ఈటెల దళం దాన్ని మాయం చేసేది.

రెండో భాగానికి ముఖ్య రూపకర్త బ్రయాన్ రేనాల్డ్స్. ఆయన ఆ ఒక్క విసురును తీసేశారు. ఫాలాంక్స్‌కు 10 ప్రాణాలు, ట్యాంకుకు 30 ప్రాణాలు ఇచ్చి, గవ్వలను మళ్లీ మళ్లీ వేయించారు. ప్రతి విసురులోనూ పాళ్లు పాతవే, ఓడినవాడికి ఒక ప్రాణం పోతుంది. ఇప్పుడు ఫాలాంక్స్ గెలవాలంటే ట్యాంకు పది దెబ్బలు కొట్టేలోపు తాను ముప్పై కొట్టాలి. అష్టాచెమ్మాలో ఒక్కసారి అష్టా పడటం వేరు, పడుతూనే ఉండటం వేరు. మా క్లాసులో సంభావ్యత పాఠం చెప్పేటప్పుడు నేటికీ ఈ ఉదాహరణే వాడతాను. పిల్లలకు వెంటనే ఎక్కుతుంది. ఆట మొత్తంలో మారింది ఆ ఒక్క సూత్రమే అనిపిస్తుంది కానీ, దానితో సైన్స్‌లో ముందుండటానికి విలువ వచ్చింది.

మూడో భాగాన్ని త్వరగా దాటేస్తాను. సంస్కృతి, దానితో పెరిగే సరిహద్దులు, ఇనుము, గుర్రాలు లాంటి వనరులు అందులోనే వచ్చాయి. అవి లేని సివిలైజేషన్‌ను ఇవాళ ఊహించలేం. అయినా ఆడుతుంటే అలసట వచ్చేది. రాజధానికి దూరంగా కట్టిన ఊళ్ల సంపాదనను అవినీతి మింగేసేది. ఎన్ని టర్న్‌లు గడిచినా ఆ ఊరు ఒకే ఒక్క యూనిట్ ఉత్పత్తి ఇస్తూ కూర్చునేది. మన చేతిలో పెద్దగా ఉపాయం ఉండేది కాదు.

ఇక నాలుగోది. 2005. ముఖ్య రూపకర్త సోరెన్ జాన్సన్. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే తీసివేత అనే విద్యలో ఇంతకు మించిన పని ఈ ఏడింటిలో ఎవరూ చేయలేదని నా నమ్మకం.

ఆయన అవినీతిని తీసేశారు. దాని స్థానంలో పెట్టింది నిర్వహణ ఖర్చు. కట్టిన ప్రతి ఊరికీ ఖజానా నుంచి డబ్బు పోతుంది. రాజధానికి ఎంత దూరమైతే అంత ఎక్కువ, ఊళ్ల సంఖ్య పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. రెండూ ఒకే పని చేస్తున్నాయి కదా, విస్తరణను అడ్డుకుంటున్నాయి కదా అని మీరు అనవచ్చు. ఆడి చూస్తే తేడా తెలుస్తుంది. అవినీతి అనేది ఊరు కట్టాక పడే శిక్ష. నిర్వహణ ఖర్చు ఊరు కట్టకముందే ఆలోచింపజేస్తుంది. తెర మీద పైన మూలలో పరిశోధనకు ఎంత శాతం పెడుతున్నారో కనబడుతుంది. మొదట 100. మూడో ఊరు కట్టాక లెక్క తేడా వస్తుంది, 80కి దించుతారు. ఐదో ఊరుతో 60. నది ఒడ్డున మంచి నేల కనబడింది, పొరుగు రాజు కన్ను కూడా దాని మీద ఉంది, ఆగలేక ఆరో ఊరు కట్టారు. 30. ఏడోది కట్టాక సున్నాకి దించినా ఖజానా కరిగిపోతూ ఉంటుంది. చివరికి జీతాలు లేక సైన్యం చెదిరిపోతుంది. ఇల్లు కట్టి చూడు అన్నారు మన పెద్దలు. ఆ మాటను ఒక సంఖ్యగా మార్చి, ప్రతి టర్న్‌లోనూ కళ్ల ముందు పెట్టారు. న్యాయస్థానం కడితే ఆ ఊరి ఖర్చు సగానికి తగ్గుతుంది కాబట్టి ఆశకు కూడా తలుపు తెరిచే ఉంచారు.

కాలుష్యం సంగతి కూడా అంతే. పాత భాగాల్లో ఆధునిక యుగం రాగానే గడుల మీద మురికి మరకలు పడేవి. పనివాళ్లను పంపి టర్న్ టర్న్‌కూ తుడిపించాలి. అందులో ఆలోచన ఏమీ లేదు, చాకిరీ మాత్రమే ఉంది. నాలుగో భాగం ఆ మరకలను ఎత్తేసి, ఊరి ఆరోగ్యం అనే ఒకే అంకెగా మార్చింది. మంచి ఆట అంటే ఆసక్తికరమైన నిర్ణయాల వరుస అని సిడ్ మెయర్ చెప్పిన మాట ప్రసిద్ధం. నిర్ణయం లేని పనిని కనిపెట్టి దాన్ని మాత్రమే తీసేయడం ఎలాగో ఇక్కడ నేర్చుకోవచ్చు. ఈ హాలులో ప్రోగ్రామర్లు చాలామంది ఉన్నారు, దయచేసి ఈ భాగాన్ని శ్రద్ధగా ఆడండి.

(సభలో ఒకరు: గాంధీ అణుబాంబు సంగతి చెప్పండి!)

చెబుతాను. మీలో చాలామంది విని ఉంటారు. మొదటి భాగంలో భారత రాజ్యాన్ని నడిపే గాంధీ దూకుడు అంకె 1 అని, ప్రజాస్వామ్యంలోకి వెళ్లగానే దానిలోంచి 2 తీసేస్తే, సున్నా కిందికి పోలేని ఆ అంకె తిరగబడి 255 అయిందని, అందుకే గాంధీ అణుబాంబులు వేస్తాడని. కథ అందంగా ఉంది, గణితం కూడా నిజంలా ఉంది. నేనూ ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పాను. కానీ అలాంటి బగ్ ఎప్పుడూ లేదని 2020లో వచ్చిన ఆత్మకథలో సిడ్ మెయరే రాశారు. ఐదో భాగంలో మాత్రం గాంధీకి అణ్వస్త్రాల మోజును, మామూలుగా 10 దాకా ఉండే కొలతలో, కావాలని 12 పెట్టారు. లేని తప్పును తర్వాతి భాగం నిజం చేసిందన్నమాట. జనం నోట బతికినదాన్ని తీసేయడం రూపకర్తలకు కూడా సాధ్యం కాదు.

మళ్లీ దారిలోకి వస్తాను. నాలుగో భాగం ఒకదాన్ని ముట్టుకోలేదు: దండు. ఒకే గడిలో ఇరవై, ముప్పై, ఎన్ని దళాలైనా పేర్చి నడిపించవచ్చు. ఇదిగో, వామనగుంటల పీట. ఈ గుంటలో చింతగింజలు ఎన్నైనా పడతాయి. గుంట నిండుగా ఉన్నవాడిదే ఆట. నాలుగో భాగం దాకా యుద్ధమంతా ఇదే. నిండు గుంట వచ్చి మన ఊరి పక్కన నిలబడితే గుండె జారిపోయేది.

2010లో ఐదో భాగం వచ్చింది, జాన్ షేఫర్ నాయకత్వంలో. చదరపు గడులు పోయి షడ్భుజాలు వచ్చాయి. అంతకంటే పెద్ద మాట, ఒక గడిలో ఒకే యుద్ధ దళం. వామనగుంటల పీటను తీసి పక్కన పెట్టి పులి–మేక అట్ట పరిచారు. ఒక బిందువు మీద ఒకే కాయ.

దీని లోతు నాకు కంప్యూటర్ ముందు తెలియలేదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ తేదీ ఈ ఊళ్లో ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు. హుద్‌హుద్ తుపాను మన నెత్తి మీదుగానే తీరం దాటింది. మేము సీతమ్మధారలో ఉంటాం. మర్నాడు వీధిలోకి వస్తే నడవడానికి దారి లేదు, అంతా కూలిన చెట్లే. పచ్చని కైలాసగిరి మోడుల కొండ అయిపోయింది. కరెంటు రోజుల తరబడి రాలేదు. పక్కింటి పిల్లలు ఇద్దరు, ఒకడు తొమ్మిది, ఒకడు పదో తరగతి, రోజూ మా ఇంట్లో ఐదో భాగం ఆడేవాళ్లు. మూడో రోజు సాయంత్రం పెద్దవాడు వచ్చి, "మాస్టారూ, కాగితం మీద ఆడదామా?" అన్నాడు.

గోడ క్యాలెండరు చించి, వెనకవైపు సీసా మూత చుట్టూ గీసి, ఆ గుండ్రాలను షడ్భుజాలుగా దిద్దాం. కొవ్వొత్తి వెలుగులో గంటన్నర పట్టింది. కొండలకు చాక్‌పీసు ముక్కలు, సముద్రానికి నీలం పెన్సిల్. దళాలకు చింతగింజలు, విలుకాళ్లకు గవ్వలు. మొదటి ఆటలో గింజలు ఎన్నైనా ఒక గడిలో పెట్టవచ్చు అనుకున్నాం. పది నిమిషాల్లో అయిపోయింది. చిన్నవాడు గింజలన్నీ ఒకే గడిలో పోసి నేరుగా వచ్చేశాడు. రెండో ఆటలో గడికి ఒక్కటే. ఇప్పుడు చాక్‌పీసు కొండల మధ్య రెండు గడుల సందు ప్రాణం పోసుకుంది. ఆ సందులో రెండు గింజలు నిలబెట్టి వెనక గవ్వలు పెడితే, అవతల పదిహేను గింజలున్నా ఒకదాని వెనక ఒకటి రావలసిందే. చిన్నవాడు చాలాసేపు ఆ సందునే చూస్తూ కూర్చుని, "వీడు దారి మూసేశాడు మాస్టారూ, ఇది పులి–మేక" అన్నాడు. నేను చెప్పిన పోలిక కాదది, వాడిదే.

ఐదో భాగం దండును తీసేసి నేలకు అర్థం తెచ్చింది. కానీ అదే రాత్రి ఇంకోటి కూడా చూశాం. మూడో ఆటలో పిల్లలు వేగంగా గింజలు తయారుచేయడం మొదలుపెట్టారు. ఇంకో అరగంటకు క్యాలెండరు మీద ఖాళీ లేదు. ఎవరూ కదలలేరు. కంప్యూటర్‌లోనూ ఇదే చిక్కు. గడికి ఒక్క దళమే అన్నప్పుడు దళాలు తక్కువగా పుట్టాలి. అందుకని ఉత్పత్తి మొత్తాన్ని మందగించాలి. అప్పుడు ఊళ్లలో భవనాలు కూడా ఆలస్యంగా లేస్తాయి. మధ్య కాలంలో ఏమీ చేయకుండా టర్న్ తర్వాత టర్న్ నొక్కుతూ కూర్చోవాలి. యుద్ధరంగంలో ఒక్క నియమం మారిస్తే ఇంటి పొయ్యి దాకా సెగ తగిలింది.

పైగా కంప్యూటర్ ఆడించే రాజులకు వామనగుంటలు వచ్చు, పులి–మేక రాదు. గుంట నింపి తోయడం యంత్రానికి తేలిక. మేకలను ఒక్కొక్కటే జరిపి వల పన్నడం కష్టం. తన విలుకాళ్లను తానే ముందుకు పంపి చంపించుకునేది. విడుదలైన కొన్నేళ్లకు జాన్ షేఫరే ఆ నియమంలోని లోపాల గురించి బహిరంగంగా రాశారు. తన పనిని తానే అలా విప్పి చూపించినందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. మతాన్ని కూడా ఐదో భాగం మొదట తీసేసింది, 2012లో వచ్చిన విస్తరణ ప్యాక్, అంటే ఆటకు తర్వాత చేర్చే అదనపు భాగం, తిరిగి తెచ్చింది. కంగారుగా తీసేసినవి ఇలాగే వెనక్కి వస్తాయి.

ఆరో భాగం, 2016, ఎడ్ బీచ్. ఇది తీసేసింది ఊరి గోడలను అనాలి. అంతకుముందు ఊరంటే ఒక్క గడి. గుడి, బడి, రేవు, కార్ఖానా అన్నీ ఆ గడిలోపల కనబడకుండా ఉండేవి. ఇప్పుడు ఒక్కో పేటకు బయట ఒక్కో గడి కావాలి. విద్యాపేట కొండల పక్కన పెడితే ఒక్కో కొండకు ఒక పాయింటు ఎక్కువ. రేవు ఊరి నడిబొడ్డుకు ఆనుకుని ఉంటే లాభం. దేన్ని పెట్టినా ఆ గడిలో పొలం పోతుంది.

విశాఖలో పుట్టినవారికి ఈ ఆట ఎవరూ నేర్పనక్కర్లేదు. డాల్ఫిన్ నోస్ కొండ అడ్డుగా ఉంది కాబట్టి దాని చాటున రేవు వచ్చింది, 1933లో తెరిచారు. రేవు ఉంది కాబట్టి కిరండూల్ గనుల ఇనుప ఖనిజం కె.కె. లైను (కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం) మీద కొండలు దిగి ఇక్కడికి వస్తుంది. వాల్తేరు మిట్ట మీద విశ్వవిద్యాలయం, సింహాచలం కొండ మీద గుడి. ఊరంతా కొండకూ సముద్రానికీ మధ్య చోటు కోసం సర్దుకుంటూ పెరిగింది. నేను ఆరో భాగం మొదటిసారి ఆడినప్పుడు తీరంలో ఒక ఊరు కట్టి, కొండ పక్క గడిలో బడి పెట్టాలా గుడి పెట్టాలా అని అరగంట ఆలోచించాను. అంత సంతోషం ఏ ఆటలోనూ కలగలేదు. 2019లో వచ్చిన విస్తరణలో తుపానులు, వరదలు, అగ్నిపర్వతాలు చేరాయి. బొగ్గు, చమురు కాల్చే కొద్దీ సముద్రమట్టం పెరిగి తీరంలోని పల్లపు గడులు మునిగిపోతాయి. తెర మీద మొదటి తుపాను సుడి తిరుగుతూ నా రేవు వైపు వస్తుంటే చేతిలో మౌసు వదిలేశాను. ఆ ప్యాక్‌లో లోపాలు వెతికే ఓపిక నాకు లేదు, నన్ను క్షమించాలి.

చివరిగా ఏడోది, 2025 ఫిబ్రవరి. దీని మీద చాలా కోపాలున్నాయి, నాకూ ఉంది. ఆటను మూడు యుగాలుగా విడగొట్టారు: ప్రాచీన యుగం, అన్వేషణ యుగం, ఆధునిక యుగం. విడుదలైనప్పటి నియమం ప్రకారం, యుగం మారినప్పుడల్లా మీ రాజ్యాన్ని వదిలి కొత్త రాజ్యాన్ని ఎంచుకోవాలి. మౌర్యులుగా మొదలై చోళులై మొఘలులై ముగించవచ్చు. నాయకుడు మాత్రం చివరిదాకా ఒక్కడే. అశోకుడితో రోమ్‌ను కూడా ఏలించవచ్చు. మొదలుపెట్టిన ఆటలను చాలామంది చివరిదాకా ఆడటం లేదని తయారీదారులు గమనించి చేసిన మార్పు ఇది. వాళ్లు తీసేసింది, క్రీస్తుపూర్వం 4000 నుంచి అంతరిక్షం దాకా తెగకుండా సాగే దారం.

రాజ్యాలు మారకూడదని నేను అనను. మన సింహాచలమే చూడండి. 11వ శతాబ్దం చివరి నాటి కులోత్తుంగ చోళుడి శాసనం అక్కడ ఉంది. ఆ కులోత్తుంగుడు ఎవరు? రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడి కొడుకు. తండ్రి వైపు తూర్పు చాళుక్యుడు, తల్లి వైపు చోళుడు. 13వ శతాబ్దంలో తూర్పు గాంగులు ఆ గుడిని పెంచి కట్టారు. 1516లో శ్రీకృష్ణదేవరాయలు దర్శనానికి వచ్చారు. చాళుక్యులు, చోళులు, గాంగులు, విజయనగరం, అందరూ ఒకే కొండ మెట్లు ఎక్కారు. ఒకరి రాతి మీద ఇంకొకరి రాయి. మార్పు అలా వస్తుంది, ఒకే మనిషిలో రెండు వంశాలుగా. ఏడో భాగంలో గంట కొట్టినట్టు అందరికీ ఒకేసారి యుగం ముగుస్తుంది. జరుగుతున్న యుద్ధాలు ఆగిపోతాయి, రాజధాని తప్ప నగరాల్లో చాలావరకు మళ్లీ చిన్న పట్టణాలైపోతాయి. నాటకంలో తెర దించి వేషాలు మార్చినట్టు ఉంటుంది. కొండ మెట్లు కనబడవు. తీయవలసింది చాకిరీని. దాని బదులు జ్ఞాపకాన్ని తీశారని నా ఫిర్యాదు. పనివాళ్లను పూర్తిగా ఎత్తేసి, ఊరు పెరిగినప్పుడే పొలాలు వాటంతట అవే పడేలా చేసిన పని మాత్రం నాలుగో భాగానికి తగిన వారసత్వం. దళాలను ఒక సేనాని కింద కట్టి నడిపే పద్ధతీ మెచ్చుకోవలసిందే. గుంటలోని గింజలను మోసుకెళ్లి అట్ట మీద పరుచుకోవడం లాంటిది అది. పదిహేనేళ్ల తగాదాకు అంత దగ్గరగా వచ్చిన పరిష్కారం నేను చూడలేదు.

నా మాటలు చాలించే ముందు ఒక పని. ఇదిగో, ఇందాక చెప్పిన క్యాలెండరు కాగితం ఇదే. 2014 అక్టోబరు పేజీ. అంచుల్లో కొవ్వొత్తి మైనం ఇంకా ఉంది. చింతగింజలు ముప్పై తెచ్చాను, గవ్వలు ఇవే. ఇద్దరు రండి. మొదటి ఆట గుంట నియమంతో, రెండో ఆట గడికి ఒక్కటే. మూడో వరుసలో ఎర్ర చొక్కా బాబూ, నువ్వు రా. నీతో ఆడేదెవరు?